భోక్తలు లేచేదాకా

మైదా జిగురు అడుగంటకుండా కలుపుతూ త్రిమూర్తులు సగంలో ఆగిపోయాడు. ఈవేళ జిగురుతో పనిలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళుగా తెల్లారి లేవగానే ముఖం కడుక్కుని, గ్యాస్ పొయ్యి మీద గిన్నె పెట్టి, గుప్పెడు మైదాలో నీళ్ళు పోసి ఉడికించి, చల్లారాక మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసుకుని కోర్టుకి బయల్దేరడం ఆయనకి అలవాటు. తాళం వేసిన తలుపులకి నోటీసులు అంటించాలి కదా. కోర్టు వాళ్ళు ఇచ్చే గమ్ము వానకి ఊడిపోతుంది, మైదా జిగురు ఊడదు. ఉద్యోగంలో చేరి ఆయన కనిపెట్టిన విద్య ఇదొక్కటే అని భార్య సత్యనారాయణమ్మ వేళాకోళం చేస్తూ ఉంటుంది.

"ఈవేళ తలుపు తీసే ఉంటదే," అన్నాడు పొయ్యి కట్టేసి.

"ఆయ్, మీ కోసం ముగ్గేసి మరీ కూర్చుంటారు," అంది సత్యనారాయణమ్మ. ఆ గిన్నె మళ్ళీ ఎవరు తోమాలన్న చిరాకు ఆవిడది.

త్రిమూర్తులు అమలాపురం కోర్టులో అమీను. కోర్టు తీర్పు చెబుతుంది, ఆ తీర్పుని మోసుకెళ్ళి మనుషుల గుమ్మాల్లో దింపేది ఈయన. మనిషి పొట్టి, రంగు నలుపు. చెవుల మీద తెల్లవెంట్రుకలు గుబురుగా పెరిగి ఉంటాయి. ఎడమ మోకాలు అరిగిపోవడం వల్ల నడిచేటప్పుడు ఆ పక్కకి కొంచెం వాలతాడు. తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి నలుపు. ఆయన వీధి మలుపు తిరిగితే తలుపులు మూసుకునే వాళ్ళు డివిజన్ అంతటా ఉన్నారు. పెళ్ళిళ్ళకి చుట్టాలు కార్డు పంపుతారు గాని, ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవరు. అమీను గుమ్మం తొక్కితే ఏం మంచి జరుగుతుందని. మొదట్లో ఆయనకి బాధ వేసేది, తర్వాత అలవాటైపోయింది. ఈ నెల ఇరవై ఎనిమిదిన రిటైరవుతున్నాడు. ఆఫీసులో దండ వేస్తారో లేదో కూడా తెలీదు.

ఇన్నేళ్ళ నౌకరీలో చెప్పుకోదగ్గది ఆయనకి ఒక్కటే ఉంది. విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపడు. చేరిన రెండో ఏడు కాట్రేనికోనలో భార్యకి మనోవర్తి ఇవ్వని ఒకతన్ని పట్టుకురమ్మని వారంటు ఇచ్చారు. వెళ్ళేసరికి అతను అన్నం తింటున్నాడు. కుర్రతనం, కొత్త ఉద్యోగం, బస్సు దాటిపోతుందన్న భయం. లేవమన్నాడు. అతను లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి కూడా ఆగనివ్వలేదు. వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని బస్టాండు దాకా పరిగెత్తుకొచ్చింది, ఈలోపు బస్సు కదిలిపోయింది. కోర్టులో జడ్జిగారి ముందు అతను దణ్ణం పెడితే వేళ్ళకి మెతుకులు ఎండి అతుక్కుని ఉన్నాయి. ఆ చేతిని చూసినప్పుడు త్రిమూర్తులుకి తన మీద తనకి పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత ఎంత పెద్ద కేసైనా, ఎంత పొద్దుపోయినా, తినేవాడు తిని చెయ్యి కడుక్కునేదాకా బయట నిలబడేవాడు. ప్లీడర్లు నవ్వేవారు, నవ్వనిమ్మనేవాడు.

ఇవాళ్టి వారంటు వైదేహిది. కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మూడేళ్ళ కిందట విడాకులు వచ్చాయి. కూతురు శ్రీవల్లి తల్లి దగ్గరే పెరగాలి, తండ్రి ఫణిభూషణ్ ఆదివారాలు తీసుకెళ్ళి సాయంత్రానికి దింపాలి అని తీర్పు. రెండేళ్ళు బాగానే నడిచింది. పదకొండు నెలల కిందట ఒక ఆదివారం తీసుకెళ్ళినవాడు మళ్ళీ దింపలేదు. పిల్లని తల్లికి అప్పగించమని కోర్టు వారంటు ఇచ్చింది. త్రిమూర్తులు నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లూ తాళమే. నాలుగు కాయితాలు అంటించి వచ్చాడు. రేపటితో వారంటుకి గడువు అయిపోతుంది. ఫణిభూషణ్‌కి నాగపూర్ బదిలీ అయిందనీ, పిల్లని అక్కడ బళ్ళో వేసేస్తాడనీ ఊళ్ళో అనుకుంటున్నారు. అలా జరిగితే అమలాపురం కాయితం అక్కడిదాకా నడిచేసరికి పిల్ల పెద్దమనిషవుతుంది.

పోయిన వారం కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని వైదేహి అంది, "మొన్న ఫోన్లో వీడియో పెట్టి మాట్లాడించేరండీ, రెండంటే రెండు నిముషాలు. నన్ను ఆంటీ అందండి. అనేసి నాలిక్కరుచుకుంది. ఇంకో ఏడాదైతే కరుచుకోదు కూడా."

త్రిమూర్తులు "ఫణిభూషణ్ వాళ్ళ నాన్నగారి తిథి ఎప్పుడమ్మా?" అని అడిగాడు.

ఎన్ని కేసులు చూశాడో. పట్నంలో ఉన్నవాడు, పొరుగూళ్ళో దాక్కున్నవాడు, ఎవడైనా సరే, తండ్రి తద్దినానికి ఇంటికి రాక తప్పదు. ఆ రోజు ఆ ఇంటి తలుపు తాళం వేసి ఉండదు. వైదేహి తడుముకోకుండా చెప్పింది. ఆరేళ్ళు ఆ ఇంట్లో తడిబట్టతో ఆ వంట వండింది ఆవిడే మరి. మాఘ బహుళ ఏకాదశి, అంటే ఈవేళ.

పి.గన్నవరం దాటాక కాలవగట్టు మీద మూడు మైళ్ళు వెళ్తే ఆ అగ్రహారం వస్తుంది. త్రిమూర్తులు మోపెడ్ మీద, వైదేహి స్కూటీ మీద పదకొండింటికి చేరారు. ఊళ్ళోకి ఒకటే దారి, కాలవ మీద ఇరుకు వంతెన. ఆవిణ్ణి అక్కడే ఆగమన్నాడు.

"మీరు గుమ్మంలో కనపడితే గొడవ పెద్దదైపోద్దమ్మా. పిల్ల బెదిరిపోద్ది. నేను తీసుకొస్తాను."

"నేనొస్తే కార్యం చెడిందంటారు, నాకు తెలుసండి," అంది వైదేహి. చున్నీ తల మీదకి లాక్కుని వంతెన గోడని ఆనుకుంది. "దానికి సిగ్గెక్కువండి. ఎత్తుకోకండి, చెయ్యి పట్టుకోండి చాలు."

ఆ ఇల్లు పెంకుటిల్లు. చుట్టూ ప్రహరీ, ముందు ఇనప గేటు. త్రిమూర్తులు ముందు ఇంటిచుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వెనకవైపు కాలవ నిండుగా పారుతోంది, పడవ లేదు, రేవు లేదు. ఎవరు బయటికి పోవాలన్నా గేటులోంచే పోవాలి. ఆయనకి ధైర్యం వచ్చింది. లోపల్నుంచి నేతివాసన వస్తోంది. చిన్నపిల్ల ఎవరో గొంతెత్తి తొమ్మిదో ఎక్కం చదువుతోంది. తొమ్మిదేళ్ళు అరవై మూడు దగ్గర తడబడి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. త్రిమూర్తులు అక్కడే నిలబడి మొత్తం విన్నాడు. పదకొండు నెలల్లో పిల్ల ఎక్కడుందో తెలియడం అదే మొదటిసారి.

గేటు చప్పుడుకి ఫణిభూషణ్ బయటికి వచ్చాడు. ముప్ఫై అయిదు దాటిన మనిషి, తడిపంచె, వేలికి దర్భ ఉంగరం, జంధ్యం కుడిభుజం మీదికి మార్చి ఉంది. త్రిమూర్తులు చేతిలో కాయితం చూసి అతనేమీ కంగారు పడలేదు.

"పిల్ల లోపలే ఉందండి. ఎక్కడికీ పోదు. భోక్తలు వచ్చి కూర్చున్నారు, మా నాన్నగారికి పెట్టే అన్నం. ఇప్పుడే లోపలికొస్తానంటే రండి, నేనాపను. ఆగుతానంటే కార్యం అయ్యేక మీ పని మీరు చూసుకోండి."

చచ్చిపోయిన తండ్రి తరఫున భోజనానికి కూర్చున్న బ్రాహ్మలు వాళ్ళు. వాళ్ళ విస్తళ్ళ మధ్యనుంచి చెప్పులు విప్పుకుని వారంటు పట్టుకుని నడవాలి. కాట్రేనికోన చెయ్యి కళ్ళముందు కనపడింది. అదొక్కటే కాదు, ఈ అబ్బాయి ఎంత మర్యాదగా చెబుతున్నాడో అనిపించింది. మర్యాదగా మాట్లాడేవాళ్ళు త్రిమూర్తులుకి ఉద్యోగంలో బహు తక్కువగా తగిలారు. ఎవరైనా 'అండి' అంటే చాలు, ఆయన మెత్తబడిపోతాడు. అది ఆయన బలహీనత, ఆయనకి తెలుసు కూడా.

"కానివ్వండి బాబూ. నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

గేటు పక్కన ప్రహరీ నీడలో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. లోపల మంత్రాలు మొదలయ్యాయి. పన్నెండున్నరకి వైదేహి ఫోన్ చేసింది.

"ఏవైందండీ?"

"భోక్తలు లేచేదాకా అమ్మా. పిల్ల లోపలే ఉంది. ఎక్కం చదువుతుంటే విన్నాను."

"ఎన్నో ఎక్కం?"

"తొమ్మిదో ఎక్కం."

"నేను ఆరు దాకా చెప్పేనండి," అంది. వెంటనే, "అమీను గారూ, ఆ కార్యం ఎంతసేపు పడుతుందో నాకు తెలుసండి. భోక్తలు లేచేక పిండాలు, అవయ్యేక ఇంట్లోవాళ్ళ భోజనాలు. అన్నీ అయ్యేదాకా ఆగుతూ కూర్చోకండి. మీ చేతిలో కోర్టు కాయితం ఉంది. లోపలికి వెళ్ళండి. నాకేం పాపం తగిలినా తగలనీండి," అంది.

"తల్లీ, గేటు ముందు నేనే కూర్చున్నాను. వెనకాల కాలవ. చీమ కూడా నన్ను దాటి పోదు."

ఒంటిగంటకి మళ్ళీ చేసింది. ఒకటిన్నరకి మళ్ళీ. ప్రతిసారీ ఇదే మాట చెప్పాడు. చివరిసారి చెప్పేటప్పుడు కొంచెం విసుక్కున్నాడు కూడా. ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆవిడ పని నేర్పడమేమిటని.

రెండు కావస్తుండగా వంతెన వైపునుంచి ఆటో ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. వెనక్కి తిరిగి, లోపలి చావడి మెట్ల దాకా వెళ్ళింది. భోక్తలు ముగ్గురు బయటికొచ్చారు. భుజాల మీద కొత్త పంచెల చాపులు, చేతుల్లో స్వయంపాకం సంచులు, అరిటిగెల. ఫణిభూషణ్ వాళ్ళకి సాష్టాంగం చేశాడు. సామాను ఎక్కించడానికి కాసేపు పట్టింది. ఎండకని ఎడంపక్క పరదా దించారు. ఆటో మెల్లిగా గేటు దాకా వచ్చి ఆగింది. గాలికి గేటు రెక్క ఒకటి మూసుకుపోయింది. డ్రైవరు హారన్ కొట్టబోయి, గోడ నీడలో కూర్చున్న పెద్దాయన్ని చూసి ఆగాడు.

త్రిమూర్తులు మోకాలు పట్టుకుని లేచాడు. గేటు రెక్క బరువుగా ఉంది, కింద బందు తుప్పుపట్టి నేలని గీసుకుంటోంది. రెండు చేతులతో పైకెత్తి పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. ఆ పూట వాళ్ళు బ్రాహ్మలు కారు, ఆ ఇంటి పెద్దలు. తలొంచి, గేటుకి వీపు ఆనించి, రెండు చేతులూ జోడించాడు. ఆటో ఆయన పక్కనుంచి వెళ్ళిపోయింది. ముందు కూర్చున్న ముసలి బ్రాహ్మడు చెయ్యెత్తి దీవించాడు. త్రిమూర్తులుకి ఎందుకో మనసు చల్లబడింది.

ఇంకో ముప్పావుగంట ఆగాడు. ఇంట్లోవాళ్ళు కూడా తినేస్తే, ఇంక అడ్డంకి ఏమీ ఉండదు. పిల్ల కూడా కడుపునిండా తిని బయల్దేరుతుంది. చేతులు కడుగుతున్న చప్పుడు వినపడ్డాక చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు.

వరసగా మూడు ఆకులు వేసి ఉన్నాయి. ఒకటి తినేసి మడిచేశారు. రెండోది నాయనమ్మ మీనాక్షమ్మది, ఆవిడ ఇంకా ముద్ద ముట్టలేదు. మూడోది చిన్న ఆకు. అందులో పప్పు, పరవాన్నం, రెండు గారెలు వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. ఆ ఆకు ముందు పీట మీద ఎవరూ లేరు.

త్రిమూర్తులు రెండు గదులూ చూశాడు. వంటిల్లు చూశాడు. వెనకగుమ్మంలో నిలబడి కాలవ చూశాడు. తిరిగొచ్చి, "పాపేదండీ?" అన్నాడు.

ఫణిభూషణ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "మీ పని మీరు చూసుకోమన్నాను, చూసుకున్నారు కదండీ," అన్నాడు. ఆ మర్యాద ఏమాత్రం తగ్గలేదు.

త్రిమూర్తులు ముసలావిడ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పండి. పాపెక్కడుంది?"

మీనాక్షమ్మ ఆకు మీంచి తల ఎత్తలేదు. డెబ్భై ఏళ్ళు పైబడిన మనిషి, తడిబట్ట ఒంటి మీదే ఆరింది.

"ఈవేళ మా ఆయన తిథండి. ఈవేళ నేను అబద్ధమాడను. ఇందాకా మీరే కదండీ గేటు తీసేరు."

త్రిమూర్తులుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు వైపు తిరిగి చూశాడు. దించిన పరదా, అరిటిగెల, సంచుల మధ్య ఎక్కడో ముడుచుకుని కూర్చున్న ఏడేళ్ళ పిల్ల. తను దణ్ణం పెట్టిన చోటుకి మూరెడు దూరంలో ఉండి ఉంటుంది. చెయ్యి చాపితే అందేది.

"ఎక్కడికి పంపేరండీ?"

ఫణిభూషణ్ తువ్వాలు దండెం మీద ఆరేశాడు. త్రిమూర్తులు పోలీస్ స్టేషనుకి ఫోన్ చేశాడు. వారంటులో ఉన్న ఇల్లు తప్ప వేరే చోటికి మేము రాలేమనీ, కోర్టు నుంచి ఉత్తరం పట్టుకురమ్మనీ అక్కడి రైటరు చెప్పాడు. ఆ సంగతి త్రిమూర్తులుకి తెలియంది కాదు. అయినా చేశాడు, ఏదో ఒకటి చెయ్యాలి కదా.

"భోజనం వేళకి వచ్చేరు. తిని వెళ్ళండి," అంది మీనాక్షమ్మ.

ఆ మాట వెటకారం కాదు. అదే ఆయన్ని మరీ కుంగదీసింది. వెటకారమైతే కోపం తెచ్చుకుని బతికేవాడు. అరుగు మీద కూర్చుని నల్లపెన్నుతో వారంటు వెనక రాశాడు. 'నేను స్వయంగా వెళ్ళి ఇల్లంతా వెదకగా పిల్ల ఇంట్లో లేదు.' ప్రతి అక్షరమూ నిజమే. గేటు సంగతి రాయలేదు. ఫణిభూషణ్ ముత్యాల్లాంటి దస్తూరితో సంతకం పెట్టి పెన్ను తిరిగిచ్చాడు. కోర్టులో ఇది తాళం పడిన ఇంటి కాయితాల పక్కనే చేరుతుంది. అయిదోది.

వంతెన దగ్గర వైదేహి ఆయన ఒక్కడే రావడం దూరంనుంచే చూసింది. రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. త్రిమూర్తులు మోపెడ్ దిగి స్టాండు వేయడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు.

"లేదమ్మా," అన్నాడు చివరికి.

"లోపలే ఉందన్నారు కదండీ."

"ఉందమ్మా. నేను వెళ్ళేసరికి లేదు."

"బ్రాహ్మలు వెళ్ళి చాలాసేపయ్యింది కదండీ. ఆటోకి నేనే స్కూటీ జరిపి దారిచ్చేను. హమ్మయ్య, ఇంక మీరు లోపలికి వెళ్ళుంటారనుకున్నాను. జుట్టు కూడా సరిచేసుకున్నాను."

చెప్పేయాలనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. గేటు ఎత్తి పట్టుకున్న చేతులు ఇంకా తుప్పుతో ఎర్రగా ఉన్నాయి, వాటిని వెనక్కి దాచుకున్నాడు. నాలుగు నెలలుగా వైదేహి 'అమీను గారూ' అని నమ్మి తిరుగుతోంది. ఇప్పుడు చెబితే ఆవిడకి మిగిలేదేమిటి, తనకి మిగిలేదేమిటి. ముప్ఫై ఒక్కేళ్ళు గర్వంగా దాచుకున్న ఒక్క గుణం ఒక తల్లి కొంప తీసింది. ఎవర్నీ తిట్టడానికి లేదు.

వైదేహి ఏడవలేదు. కాలవ వైపు చూస్తూ అడిగింది. "అన్నం తిన్నదా అండీ? తద్దినం రోజు పొద్దున్నుంచీ ఏమీ పెట్టరు. దానికి ఆకలికి కళ్ళు తిరుగుతాయి."

పిల్ల వెళ్ళిపోయాక కూడా ముసలావిడ వేసిన ఆ చిన్న ఆకు కళ్ళముందు మెదిలింది. విరవని గారెలు, ముట్టని పరవాన్నం.

"తిన్నదమ్మా," అన్నాడు త్రిమూర్తులు. "పరవాన్నం మళ్ళీ అడిగి వేయించుకుందంట."

"అవునండి, దానికి ఇష్టం," అంది వైదేహి. ముఖంలో చిన్న వెలుగు వచ్చి పోయింది. ఆ వెలుగు చూడలేక త్రిమూర్తులు తల పక్కకి తిప్పుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడండీ?"

"మళ్ళీ అర్జీ పెట్టాలమ్మా. నాగపూరైతే అక్కడి కోర్టుకి రాస్తారు. నేను ఇరవై ఎనిమిదిన దిగిపోతున్నాను. కొత్తాయనొస్తారు."

"ఆయ్," అంది. ఆ ఒక్కమాటే. కొత్తాయన వచ్చినా, రాకపోయినా ఒకటే అన్నట్టుంది ఆ గొంతు.

స్కూటీ దగ్గరికి వెళ్ళి, సీటు కింద డిక్కీ తెరిచింది. అందులోంచి ఒక సంచీ బయటికి తీసి, ఏం చెయ్యాలో తోచనట్టు కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. తర్వాత దాన్ని వంతెన గోడ మీద పెట్టింది. వెళ్ళొస్తానని చెప్పలేదు. దణ్ణం మాత్రం పెట్టింది, చాలా మర్యాదగా. స్కూటీ గట్టు మీద కొబ్బరిచెట్ల మధ్యనుంచి పోతూ పోతూ చిన్నదై మలుపు తిరిగింది.

"అమ్మా, సంచీ," అని కేకేశాడు త్రిమూర్తులు. ఆవిడకి వినపడలేదు. వినపడినా ఆగలేదో.

వెళ్ళి సంచీ విప్పి చూశాడు. ఏడేళ్ళ పిల్ల తలకి సరిపోయే పసుప్పచ్చ హెల్మెట్, గడ్డం కింద పెట్టుకునే పట్టీకి కొట్లో చుట్టిన ప్లాస్టిక్ కాయితం ఇంకా తీయలేదు.